పత్తి చేలో నేర్చుకున్నది ఆసుపత్రిలో మరిచిపోయాం

వార్షికోత్సవ సంచికకు ఒక కవిత పంపమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. రెండు రాత్రులు కూర్చున్నాం. కవిత రాలేదు. హాస్టల్ అన్నం మీద, ట్రంకుపెట్టె మీద, ఆదివారం చూడటానికి వచ్చే అమ్మ మీద మా సీనియర్లు రాసినంత బాగా మేము రాయలేం. మాకు వచ్చిన విద్య వేరే. అందుకని మా పుస్తకాల్లో ఉన్నదీ మా ఇళ్లలో జరిగినదీ కలిసే చోటు గురించి నాలుగు మాటలు రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది. స్టడీ అవర్లో కాకుండా తీరికగా చదువుకోండి.

మేము అంటే ఈ హాస్టల్లోనే ఆరో తరగతిలో పెట్టె దించి, పది దాకా ఇక్కడి పప్పుచారు తాగి, ఇప్పుడు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేస్తున్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా మొదట చూసింది మేమే. మైక్రోబయాలజీ అంటే ఏమిట్రా అని ఊళ్లో అడిగితే "కంటికి కనపడని పురుగుల చదువు" అని చెబుతుంటాం. అది విని మా పెద్దనాన్న ఒకాయన, "కనపడే పురుగులతోనే చస్తుంటే కనపడనివి కూడానా" అన్నాడు. ఆయన పత్తి రైతు. ఆ మాటకు అప్పుడు నవ్వుకున్నాం గానీ, తరవాత నవ్వు రాలేదు.

2024 మార్చిలో మాలో ఒకరి అమ్మకు కాలికి దెబ్బ తగిలింది. ఎవరి అమ్మ అని అడగకండి, ఒక గదిలో పెరిగిన వాళ్లకు ఎవరి అమ్మయినా అమ్మే. మిరపకోతల రోజులు. కల్లంలో ఏదో గుచ్చుకుంది. అమ్మకు షుగర్ ఉంది, పుండు మానలేదు, జ్వరం పట్టుకుంది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు రోజూ ఒక సూది, ఒక సెలైన్ చొప్పున నాలుగు రోజులు చూశాడు. కొంచెం తేలికపడగానే అమ్మ మళ్లీ కోతకు వెళ్లింది. పోకపోతే కూలి పోతుంది కదా. మూడో రోజు చేలోనే పడిపోయింది. గుంటూరులో ఒక పెద్ద ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయారు. "సెప్టిక్ అయింది, ఐసీయూ" అన్నారు.

మెడ దగ్గర నరంలోకి ఒక గొట్టం, మూత్రానికి ఒక గొట్టం, ముక్కుకు ఆక్సిజన్. మొదటి రోజు తీసిన రక్తం కల్చర్‌లో ఏమీ పెరగలేదని నాలుగో రోజు చెప్పారు. పెరగదు. అప్పటికే ఒంట్లో అన్ని సూదుల మందు ఉంది. అయినా అమ్మ కోలుకుంది. ఆరో రోజు లేచి కూర్చుని, మిరపకాయలు ఎండాయా, వాన ఏమైనా పడిందా అని అడిగింది. ఎనిమిదో రోజు మళ్లీ చలి, ఒణుకు, జ్వరం. ఈసారి తీసిన రక్తంలో పెరిగింది. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా.

ఆ రిపోర్టు మా చేతికి ఇచ్చారు. చదవడం వచ్చిన వాళ్లం మేమే కదా. ఎడమవైపు మందుల పేర్లు వరసగా ఉంటాయి. కుడివైపు ఒక్కో పేరుకు ఎదురుగా ఒక్క అక్షరం. ఎస్ అంటే ఈ మందుకు ఆ క్రిమి లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే మధ్యస్థం. మేము ల్యాబ్‌లో ఈ పని చేతులారా చేసినవాళ్లమే. ప్లేటు నిండా బాక్టీరియా పూసి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు దానిమీద పెట్టి, మర్నాడు బిళ్ల చుట్టూ ఎంత మేర పెరగకుండా ఆగిందో స్కేలుతో కొలుస్తాం. మార్కుల కోసం కొలిచాం. ఆ రోజు మా చేతిలో ఉన్న కాగితంలో సెఫ్ట్రియాక్సోన్ ఆర్, అమికాసిన్ ఆర్, సిప్రోఫ్లోక్సాసిన్ ఆర్, పిపరాసిలిన్ ఆర్, మెరోపెనెమ్ కూడా ఆర్. అన్నిటికన్నా కింద కొలిస్టిన్ అని ఉంది, దాని ఎదురుగా ఐ. కొలిస్టిన్‌కు ఇప్పుడు మన ల్యాబులు ఎక్కువగా పాటించే అమెరికా ప్రమాణాల్లో ఎస్ అనే అక్షరమే లేదు, 2020లో తీసేశారు. కిడ్నీలను దెబ్బతీసే పాత మందు అది, వేరే దారి లేనప్పుడు వాడతారు. నాన్న మా ముఖాల వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఏం రాశారు బాబూ?" అని అడిగాడు. ఇంకా చూడాలంట నాన్నా అన్నాం.

పదహారో రోజు అమ్మ చనిపోయింది. ఎకరంన్నర చేను తాకట్టులోకి పోయింది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కాగితంలో కారణం దగ్గర గుండె, శ్వాస ఆగిపోవడం అని ఉంది. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె, శ్వాస ఆగిపోతాయి. కానీ ఆ గుండె ఎందుకు ఆగిందో, ఏ క్రిమి ఏ మందుకూ లొంగకపోవడం వల్ల ఆగిందో ఆ కాగితంలో లేదు. రక్తం కల్చర్ రిపోర్టు మాత్రం మా దగ్గర పెట్టెలో ఉంది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ క్రిమి మిరప తోటలోంచి వచ్చి ఉండదని మా నమ్మకం. తోటలో కాలికి తగిలిన దెబ్బతో వచ్చిన మొదటి జ్వరం తగ్గింది. రెండోది ఆసుపత్రిలో దొరికింది. ఐసీయూలో ఒంట్లోకి పోయే ప్రతి గొట్టమూ బయటి క్రిములకు ఒక తలుపు. ఒక పడక దగ్గరనుంచి ఇంకో పడకకు చేతుల మీదుగా, గొట్టాల మూతల మీదుగా, సింకుల తడిలోంచి ఇవి తిరుగుతాయి. అక్కడ రోజూ పెద్ద పెద్ద యాంటీబయాటిక్స్ వాడతారు కాబట్టి చావాల్సినవి చచ్చి, చావనివే మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది.

ఈ చివరి వాక్యం మన గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. జిల్లాలు 2022లో పల్నాడు, బాపట్ల అని విడిపోయాయి గానీ చేల కథ ఒక్కటే. 1980ల్లో పత్తికి సింథటిక్ పైరిథ్రాయిడ్లు వచ్చాయి. మొదట్లో ఒక్క పిచికారీకి శనగపచ్చ పురుగు రాలిపోయేదట. తరవాత రెండు పిచికారీలు, తరవాత నాలుగు, ఆ తరవాత వారానికొకటి, దుకాణం వాడు చెప్పిన రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలిపి. 1987 నాటికి పురుగు ఆ మందుకు లొంగడం మానేసింది. తెల్లదోమ దాడి తోడయింది. 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తి రైతులు అప్పులు కట్టలేక ఆత్మహత్యలు చేసుకున్నారు. మా తాతల నోట విన్న కథ ఇది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, ఇక పురుగు బాధ తీరిందన్నారు. కొన్నేళ్లకే గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడింది. 2021లో మిరప పూతలోకి కొత్తగా నల్ల తామర పురుగు దిగితే ఏ మందు కొట్టాలో తెలియక ఉన్న మందులన్నీ కొట్టాం.

పురుగు మందు తిని బలపడదు. వేల పురుగుల్లో పుట్టుకతోనే తట్టుకునేవి నాలుగు ఉంటాయి. మందు మిగతావాటిని చంపి ఆ నాలుగింటికి చేను అప్పజెబుతుంది. బాక్టీరియాతో జరిగేదీ అచ్చంగా ఇదే. తేడా వేగంలో ఉంది. పురుగుకు ఒక తరం గడవాలంటే నెల పడుతుంది. మంచి తిండి దొరికితే కొన్ని బాక్టీరియాలకు అరగంట చాలు. పైగా వీటికి ఇంకో విద్య ఉంది. పరీక్ష హాల్లో స్లిప్పులు అందించుకోవడం మనకు తెలుసు (తెలియదని వార్డెన్ సారు ముందు అనండి). బాక్టీరియా కూడా అంతే. మందును విరగ్గొట్టే కిటుకు రాసి ఉన్న చిన్న డీఎన్ఏ చుట్టను పక్క బాక్టీరియాకు అందిస్తుంది. ఆ పక్కది తన జాతిదే కానక్కర్లేదు. ఇందులో ఇన్విజిలేటర్ లేడు.

అలాంటి స్లిప్పుల్లో ప్రపంచమంతా తిరిగినదాని పేరు ఎన్‌డీఎం-1. 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర దొరికింది. ఆయన అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రిలో ఉన్నందున దానికి న్యూఢిల్లీ పేరు పెట్టారు. 2010లో లాన్సెట్ అనుబంధ పత్రికలో వచ్చిన వ్యాసంలో చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37 నమూనాల్లో అది ఉందని రాశారు. ఆ వ్యాసానికి మొదటి రచయిత మద్రాసు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న కార్తికేయన్ కుమారస్వామి. దేశం పరువు పోయిందని మన దగ్గర పెద్ద గొడవ జరిగింది. పేరు మీద జరిగిన గొడవలో పదో వంతు మన ఆసుపత్రుల్లో రక్తం కల్చర్లు ఎన్ని జరుగుతున్నాయన్న దానిమీద జరిగి ఉంటే బాగుండేది. 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని, 49.5 లక్షల మరణాల్లో దానికి పాత్ర ఉందని 2022లో వచ్చిన అంచనా. ఈ లెక్కలన్నీ ఎక్కడెక్కడ కల్చర్ చేసి రాసి పెట్టారో అక్కడి సమాచారం మీద కట్టినవి. అమ్మలాంటి వాళ్లు ఇందులో ఎక్కడుంటారు? కాగితం మీద అమ్మ గుండె ఆగి చనిపోయిన మనిషి.

గుంటూరు పక్కనే తురకపాలెం ఉంది. మీలో కొందరికి అక్కడ బంధువులు కూడా ఉంటారు. 2025 జులై నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా ఆ ఒక్క ఊళ్లో ఇరవై మందికి పైగా చనిపోయారు. మెలియాయిడోసిస్ అనే జబ్బు అనుమానించారు. సెప్టెంబరు 5న ముఖ్యమంత్రి సమీక్ష జరిపారు, వైద్య బృందాలు దిగాయి, ఊరి నీళ్లు వాడొద్దన్నారు. అన్ని చావులకూ అదొక్కటే కారణమని మేము అనడం లేదు. మేము చెప్పదలచింది ఆ జబ్బు గురించి. దాని క్రిమి మట్టిలో, నిలవ నీళ్లలో ఉంటుంది. చెప్పుల్లేకుండా మడిలో దిగేవాళ్లకు, కాలికి గాయం ఉన్నవాళ్లకు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకు పట్టుకుంటుంది. పట్టుకుంటే రక్తంలోకి పోతుంది. 1911లో రంగూన్‌లో విట్మోర్ అనే డాక్టరు, ఆయన సహాయకుడు కృష్ణస్వామి కలిసి దీన్ని మొదట గుర్తించారు. మన తెలుగు కూలీలు ఓడలెక్కి పోయిన రంగూనే. నూరేళ్లు దాటాక అది మన గడపలో కొత్త జబ్బయింది!

ఈ క్రిమికి పెన్సిలిన్, యాంపిసిలిన్, జెంటామైసిన్ పుట్టుకతోనే పనిచేయవు. ఊళ్లో జ్వరానికి మొదట దొరికే సూదులు చాలావరకు దానిమీద వృథా. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం రెండు వారాలు నరానికి ఇచ్చి, ఆ తరవాత కోట్రైమాక్సజోల్ మాత్రలు మూడు నెలలు వాడాలి. అంటే జబ్బు పేరు తెలిస్తే మందు ఉంది. పేరు తెలియాలంటే రక్తం కల్చర్ చేయాలి. చేసినవాళ్లకు ఈ క్రిమిని గుర్తుపట్టడం రావాలి, లేకపోతే ఏదో మామూలు సూడోమోనాస్ అనో, బయటి దుమ్ము పడిందనో పారేస్తారు. తురకపాలెం పేపర్లకు ఎక్కింది. పేపర్లకు ఎక్కని ఊళ్లలో ఇలాంటి జ్వరాలకు ఏం పేరు పెడుతున్నారు?

ఏం పేరో మాకు తెలుసు, మీకూ తెలుసు. టైఫాయిడ్. మన వైపు మూడు రోజుల జ్వరం వస్తే సెంటర్లోని ల్యాబ్‌కు పోతాం, చుక్క రక్తంతో విడాల్ పరీక్ష చేస్తారు, "టైఫాయిడ్ ఉంది" అని చీటీ ఇస్తారు. 1896 నాటి పరీక్ష అది. రక్తంలో క్రిమి ఉందో లేదో అది చూడదు, దానికి ఎదురుగా ఒంట్లో పుట్టిన పదార్థాన్ని చూస్తుంది. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానికీ, వేరే జ్వరాలకూ కూడా ఉంది అని చూపిస్తుంది. ఆ చీటీతో వారం రోజుల సూదులు. హాస్టల్లో ఉన్న అయిదేళ్లలో మాకు ముగ్గురికీ కలిపి పదకొండుసార్లు టైఫాయిడ్ వచ్చిందట. ఒక్కసారి కూడా కల్చర్ చేయలేదు. మాకు నిజంగా వచ్చింది టైఫాయిడ్డో, సీజన్ జ్వరమో దేవుడికే ఎరుక. తిన్న మాత్రలు మాత్రం నిజం.

నిజమైన టైఫాయిడ్ తక్కువది కాదు. 2016లో పాకిస్తాన్‌లో, సింధు రాష్ట్రంలోని హైదరాబాదులో (మనది కాదు, అదో హైదరాబాదు), సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయలుదేరింది. దాన్ని ఎదుర్కోవడానికి 2019లో వాళ్లు పిల్లలకు వేసిన కొత్తరకం టీకా మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిందే. టీకా వేసుకున్న పిల్లవాడికి జ్వరం రాదు, జ్వరం రాకపోతే యాంటీబయాటిక్ అక్కర్లేదు, అక్కర్లేకపోతే క్రిమికి నేర్చుకునే అవకాశం లేదు. మంచినీళ్లు, మరుగుదొడ్డి కూడా ఇదే పని చేస్తాయి. హాస్టల్ నీళ్ల ట్యాంకు కడిగించమని అర్జీ పెట్టడం కూడా ఈ పోరాటంలో భాగమే అని మేము అంటే కొందరు ఫ్రెండ్స్ నవ్వారు. నవ్వనివ్వండి.

తప్పంతా ఆర్ఎంపీలదే అని మా క్లాసులో చాలామంది అంటారు. మేము ఒప్పుకోం. అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే తలుపు తీసేది ఆయనే. డబ్బులు కోతలు అయ్యాక ఇస్తామంటే సరే అనేదీ ఆయనే. పెద్ద డాక్టరు దగ్గరకు పోవాలంటే ఒక రోజు కూలి, ఆటో ఖర్చు, ఫీజు, పరీక్షలు. అవి లెక్కేసుకునే అమ్మ నాలుగు రోజులు ఊళ్లోనే చూపించుకుంది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆర్ఎంపీ సూది వేసేది కూడా సూది వేయకపోతే మనం ఊరుకోం కాబట్టి. మాత్ర ఇస్తే "ఈయన దగ్గర పస లేదు" అని పక్క వీధికి పోతాం. పురుగుమందుల దుకాణంలోనూ ఒక్క డబ్బా ఇస్తే తృప్తి ఉండదు మనకు.

చట్టం లేక కాదు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ లాంటివన్నీ షెడ్యూల్ హెచ్1 కిందికి తెచ్చి 2014 మార్చి 1 నుంచి అమలు చేశారు. చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరు రాశారో ఎవరు కొన్నారో రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే మాకు ఉత్తరం రాయండి. కరోనా రోజుల్లో అజిత్రోమైసిన్ పేరు నోరు తిరగని ముసలమ్మ కూడా "ఆ మూడు రోజుల బిళ్ల" అని అడిగి కొనుక్కుంది. వైరస్ మీద ఆ బిళ్ల పనిచేయదని పెద్ద పరిశోధనలు తేల్చేసరికి తినాల్సినవి తినేశాం.

చేల సంగతికి ఇంకోసారి వెళ్లాలి. పత్తికి బాక్టీరియా నల్లమచ్చ తెగులు వస్తే పది లీటర్ల నీళ్లలో ముప్పై గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, ఒక గ్రాము పౌషామైసిన్ కలిపి కొట్టమని పుస్తకాల్లోనే ఉంటుంది. మన నాన్నలు కొట్టారు, సెలవుల్లో మేమూ కొట్టాం. ఆ పొట్లంలో ఉండేది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. మనుషుల మందులే. స్ట్రెప్టోమైసిన్ క్షయకు వాడిన మందు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లోకానికి తెలిసింది. దాన్ని కనిపెట్టిన లెడర్లీ పరిశోధనశాలకు అప్పటి అధిపతి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అన్నదమ్ములను జబ్బుకు పోగొట్టుకుని వైద్యంలోకి వచ్చిన మనిషి. ఆయన పేరు మన పాఠ్యపుస్తకంలో ఉందా అని తమ్ముళ్లు చూసి చెప్పండి. ఆ వంశపు మందును మనం ముసుగు కూడా లేకుండా చేల మీద చల్లుతున్నాం. దీన్ని ఆపాలని కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. కోళ్ల మేతలో కొలిస్టిన్ కలపడాన్ని 2019 జులైలోనే నిషేధించారు. అవును, అమ్మ రిపోర్టులో అన్నిటికన్నా కింద ఉన్న అదే కొలిస్టిన్, అప్పటిదాకా కోడిపిల్లలు బరువు పెరగడానికి వాడేవాళ్లు. ఇక పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే చోట బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు రాశారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

మరి ఏం చేయాలి అంటారు. మేము మంత్రులం కాదు, చదువుకుంటున్నవాళ్లం. అయినా ఒక మాట గట్టిగా అడుగుతున్నాం. ప్రతి ఏరియా ఆసుపత్రికీ రక్తం కల్చర్ చేసే ల్యాబ్ ఉండాలి. ఇది రాకెట్ ప్రయోగం కాదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, చర్మం శుభ్రంగా తుడిచి, రెండు వేరువేరు చోట్లనుంచి ఒక్కో సీసాకు ఎనిమిది పది మిల్లీలీటర్ల చొప్పున రక్తం తీయాలి. సీసాలు 37 డిగ్రీల వేడిలో పెట్టాలి. పెరిగిందా, రంగు వేసి మైక్రోస్కోపులో చూడాలి, ప్లేటు మీద పెంచాలి, బిళ్లలు పెట్టి కొలవాలి. రెండు మూడు రోజుల్లో ఆ ఎస్, ఆర్ కాగితం వస్తుంది. మనిషి ప్రాణాపాయంలో ఉంటే మందు ఆపి కూర్చోమని కాదు. రక్తం తీసి వెంటనే మందు మొదలుపెట్టాలి, కాగితం వచ్చాక మందు మార్చాలి, వీలైతే చిన్న మందుకు దించాలి. ఎక్కువ రోజులు ఇస్తేనే మంచిదన్న నమ్మకం కూడా కదిలింది. 3,608 మంది రక్త ఇన్ఫెక్షన్ రోగుల మీద ఏడు దేశాల్లో చేసిన పరిశోధనలో పద్నాలుగు రోజుల మందుకన్నా ఏడు రోజుల మందు ఏమీ తీసిపోలేదని 2024లో తేలింది. ఇది డాక్టరు చూసుకునే లెక్క, మనంతట మనం రెండో రోజు మానేయడానికి దీన్ని సాకు చేసుకోవద్దు.

ఈ పనులన్నీ చేయడం మాకు వచ్చు. మా బ్యాచ్‌లో ఇరవై రెండు మందిమి. ముందు బ్యాచ్ వాళ్లలో ఎక్కువమంది మినరల్ వాటర్ ప్లాంట్లలో, మందుల కంపెనీల్లో రాత్రి షిఫ్టుల్లో ఉన్నారు. ఇద్దరు బ్యాంకు కోచింగు. ఒక అక్క చీరల షాపులో లెక్కలు రాస్తోంది. ఒకవైపు కల్చర్ చేసే మనిషి లేడని ఆసుపత్రులు, ఇంకోవైపు కల్చర్ తప్ప ఏమీ రాని మేము. ఈ రెండిటినీ కలపడానికి జీవో ఒకటి చాలు అని మా అభిప్రాయం. డాక్టర్ల కింద పనిచేయడానికి మాకు అభ్యంతరం లేదు. మన సీనియర్లలో సెక్రటేరియట్‌లో ఉన్నవాళ్లు, యూనియన్లలో ఉన్నవాళ్లు, పత్రికల్లో ఉన్నవాళ్లు ఈ పేజీ చదివితే, దయచేసి దీన్ని ఒక వినతిపత్రంగా తీసుకోండి. ఇంకొకటి కూడా అడగండి. చావు కాగితంలో ఇన్ఫెక్షన్ పేరు, కల్చర్‌లో వచ్చిన క్రిమి పేరు రాయమని. కాగితం మీద లేని చావును అసెంబ్లీలో ఎవరూ అడగరు.

ఆసుపత్రిలో మన వాళ్లు ఉన్నప్పుడు మేము అడగడం నేర్చుకున్న ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మందు మొదలుపెట్టే ముందు కల్చర్‌కు రక్తం తీశారా సార్? రిపోర్టు ఎప్పుడొస్తుంది? ఈ గొట్టం ఇవాళ కూడా అవసరమేనా? చాలాచోట్ల విసుక్కున్నారు. ఒక పెద్ద డాక్టరు గారు మాత్రం ఆగి, "ఏం చదువుతున్నారయ్యా?" అని అడిగి, గొట్టం ఆ సాయంత్రమే తీయించారు. ఆ రోజు మంచం మీద ఉన్నది మా ఊరి వేరే అమ్మ. ఆమె ఈ ఏడు కూడా కోతకు వెళ్లింది.

ఇక మన హాస్టల్ సంగతి ఒకటి ఉంది. ఆఫీసు గదిలో బీరువా పైన ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంటుంది, మా కాలం నుంచీ ఉంది. ఇళ్లకు పోయినవాళ్లు, కోర్సు సగంలో ఆపినవాళ్లు మిగిల్చిన మాత్రలన్నీ అందులో వేస్తారు. జ్వరమొచ్చిన వాడికి అందులోంచే వెతికి ఇస్తారు. మంచి మనసుతోనే. పోయిన నెల వచ్చినప్పుడు మూత తీసి చూశాం. రంగురంగుల స్ట్రిప్పులు నలభై ఒకటి, అందులో నిండుగా ఉన్నది ఒక్కటీ లేదు. పద్దెనిమిదింటి గడువు దాటిపోయింది. సెఫిక్సిమ్ మూడు, సిప్రోఫ్లోక్సాసిన్ అయిదు, అజిత్రోమైసిన్ ఎన్నో లెక్కపెట్టలేదు. వంట మాస్టారు మోకాలి నొప్పికి కూడా అందులోంచే ఏదో వేసుకుంటున్నానని చెప్పాడు, తగ్గిందట. వార్డెన్ సారు ఒప్పుకున్నారు. వార్షికోత్సవం మర్నాడు ఆ డబ్బా మేము తీసుకుపోతాం. దాని బదులు థర్మామీటరు, పారాసిటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గాయానికి పెట్టే మందు ఉన్న కొత్త డబ్బా, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి ఫోన్ నంబరు రాసిన అట్ట పెడతాం. ఖర్చు మా పాత గదివాళ్లం పంచుకున్నాం. తాళంచెవి మాత్రం ఎనిమిదో తరగతి వాళ్లకు ఇవ్వొద్దని సారుకు మనవి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నీళ్లలో కలపకుండానే నాకేస్తారు. ఆ పని మేమూ చేసినవాళ్లమే.